నెలసరి రోజుల్లో చాయ్: ధర్మం ఏమంటోంది? దేహం ఏమంటోంది?

ఆ రోజు తరగతిలో ఉర్దూ పాఠం జరుగుతోంది. పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకతె లేచి నిలబడి చదువుతోంది. రెండు వాక్యాలు చదివిందో లేదో గొంతు సన్నబడింది. పుస్తకం చేతిలోంచి జారింది. పక్కనున్న పిల్లలు పట్టుకోకపోతే నేలమీద పడిపోయేదే. ముఖాన నీళ్లు చల్లి, చాప మీద పడుకోబెట్టాం. కాసేపటికి కళ్లు తెరిచింది.

"పొద్దున ఏం తిన్నావమ్మా?" అని అడిగాను.

"చాయ్ తాగాను ఆపా."

"చాయ్‌తో పాటు?"

"రస్కు."

"నిన్న రాత్రి?"

జవాబు లేదు. తల వంచుకుంది. దాని స్నేహితురాలు నా దగ్గరకొచ్చి మెల్లగా, "దానికి నమాజ్ లేదు ఆపా" అంది. మన ఇళ్లలో ఆడపిల్లలు ఆ విషయాన్ని చెప్పుకునే పద్ధతి అదే కదా!

సాయంత్రం ఆ పిల్లను ఇంటిదగ్గర దిగబెట్టడానికి నేనే వెళ్లాను. వాళ్ల దాదీ నన్ను ఆదరంగా కూర్చోబెట్టి విషయం చెప్పారు. ఆ అయిదు రోజులూ ఇంట్లో ఆడపిల్లకు గుడ్డు పెట్టరట, మాంసం పెట్టరట. పెరుగు, పులుపు అసలే కూడదట. "వేడి చేస్తుంది, వాసన వస్తుంది, కడుపునొప్పి ఎక్కువవుతుంది" అన్నారు. మరి ఏం పెడతారు? చాయ్, రస్కు. మధ్యాహ్నం కాస్త చప్పిడి అన్నం. మళ్లీ చాయ్. "వేడి వేడి చాయ్ తాగితే చెడు రక్తమంతా పోతుంది బేటీ, మా అమ్మా ఇలాగే చేసేది" అన్నారావిడ. మాటల మధ్యలో నా చూపు వంటింటి గూటి మీద పడింది. మిగతా కప్పులన్నీ ఒకచోట ఉంటే, ఒక స్టీలు గ్లాసు మాత్రం విడిగా, మూలన బోర్లించి ఉంది. అది ఎవరిదో నేను అడగలేదు. అడగవలసిన అవసరమూ లేకపోయింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. కొన్ని ఇళ్లలో "ఆ రోజుల్లో చాయ్ తాగకూడదు, రక్తం గడ్డకడుతుంది" అంటారు. మరికొన్ని ఇళ్లలో "చాయే తాగాలి" అంటారు. ఇద్దరూ తమ మాటకు పెద్దల పేరు చెబుతారు, కొందరు ధర్మం పేరు కూడా చెబుతారు. కాబట్టి ఈ విషయాన్ని బిడియపడకుండా ఒకసారి పరిశీలిద్దాం. మదీనా అన్సారీ స్త్రీలు ధర్మం తెలుసుకోవడంలో సిగ్గుపడేవారు కాదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. మనకూ అదే ఆదర్శం.

చాయ్‌కు హుకుం ఎక్కడిది?

ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో అరేబియాలో చాయ్ లేదు. మన దేశంలో కూడా సామాన్యుల ఇళ్లలో చాయ్ అలవాటు పాతదేమీ కాదు. టీ కంపెనీలు ఊరూరా తిరిగి ప్రచారం చేయగా 20వ శతాబ్దంలోనే అది పొయ్యి మీదికి ఎక్కింది. అటువంటి పానీయం గురించి, అదీ నెలసరి రోజుల్లో తాగడం గురించి, "షరీఅత్‌లో ఇలా ఉంది" అని ఎవరైనా చెబితే అది వారి ఊహే తప్ప షరీఅత్ కాదు. తినే, తాగే వస్తువుల విషయంలో ధర్మవేత్తల మూలసూత్రం ఒకటుంది: నిషేధమని ఆధారం దొరకనంతవరకు ప్రతి వస్తువూ ధర్మసమ్మతమే. చాయ్ కూడా అంతే. పాక్‌గా ఉన్న రోజుల్లో ఏది హలాలో, హైజ్ రోజుల్లోనూ అదే హలాల్. హైజ్ వల్ల ఏ ఆహారమూ హరామ్ కాదు.

మరి ఆ రోజుల్లో మారేవి ఏవి? నమాజ్ మాఫీ; తర్వాత తిరిగి చేయనక్కర లేదు. రోజా ఉండకూడదు, తర్వాత ఆ రోజాలు పూర్తి చేసుకోవాలి. కాబా తవాఫ్ చేయకూడదు. భార్యాభర్తల కలయిక కూడదు. ఖుర్ఆన్ గ్రంథాన్ని తాకడం, మస్జిద్‌లో ఉండడం వంటి విషయాల్లో మన ఫిఖహ్ గ్రంథాలు చెప్పిన నియమాలున్నాయి. వీటిలో ఎక్కడా గుడ్డు లేదు, మాంసం లేదు, పెరుగు లేదు, చాయ్ లేదు. దుఆ చేసుకోవచ్చు, దరూద్ చదువుకోవచ్చు, బిస్మిల్లాహ్ అని చాయ్ తాగవచ్చు, తాగాక అల్‌హందులిల్లాహ్ అనవచ్చు.

ఒకే పాత్ర, ఒకే చోటు

ఇక ఆ విడి గ్లాసు సంగతి.

ఆ కాలంలో మదీనాలోని యూదుల్లో స్త్రీ బహిష్టు అయితే ఆమెతో కలిసి భోజనం చేసేవారు కాదు, ఇంట్లో కలిసి ఉండేవారు కాదు. సహాబాలు ఈ విషయమై దైవప్రవక్త (స)ను అడిగారు. అప్పుడే సూరా బఖరాలోని 222వ ఆయతు అవతరించింది. దాని భావాన్ని వివరిస్తూ ఆయన, దాంపత్య కలయిక ఒక్కటి తప్ప మిగతా అన్నీ మామూలుగానే చేయండని బోధించారు. సహీహ్ ముస్లిం గ్రంథంలో ఈ ఉల్లేఖనం ఉంది.

అదే గ్రంథంలో హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మరో సంగతి ఉంది. ఆమె హైజ్‌లో ఉన్నప్పుడు ఒక పాత్రలో నీళ్లు తాగి ఇస్తే, దైవప్రవక్త (స) ఆ పాత్రను అందుకుని, ఆమె పెదవులు తాకిన చోటే తన పెదవులు ఆనించి తాగేవారు. ఆమె ఎముక మీది మాంసం కొరికి ఇస్తే, ఆమె కొరికిన చోటే ఆయన కొరికేవారు.

సోదరీమణులారా, ఈ ఉల్లేఖనాన్ని నేను చిన్నప్పటి నుంచి చదువుతున్నాను, పిల్లలకు చదివిస్తున్నాను. హైజ్ స్త్రీ ఎంగిలి పాక్ అని చెప్పడానికే దీన్ని ఆధారంగా చూపిస్తూ వచ్చాను. ఆ పిల్ల పడిపోయిన రాత్రి మాత్రం ఇందులో మరో మాట నా కళ్లకు కట్టింది. విశ్వాసుల మాతృమూర్తి ఆ రోజుల్లో మాంసం తింటున్నారు! ప్రవక్త ఇంట్లో హైజ్ స్త్రీకి మాంసం ఉంది, పాత్ర ఒకటే ఉంది. మన ఇంట్లో అదే స్త్రీకి మాంసం లేదు, గ్లాసు వేరు. మరి మనం ఎవరి పద్ధతిని అనుసరిస్తున్నట్టు?

మరో సందర్భంలో దైవప్రవక్త (స) మస్జిద్ నుంచి చాప అందించమని హజ్రత్ ఆయిషా (రజి)ను అడిగారు. తాను హైజ్‌లో ఉన్నానని ఆమె సంకోచించారు. హైజ్ నీ చేతిలో లేదు కదా అని ఆయన సమాధానమిచ్చారు. ఆ చేతితో చాయ్ కాచి ఇస్తే తాగడానికి మనకెందుకు సంకోచం? ఆ చేతితో చేసిన వంట ఇంటిల్లిపాదీ తినవచ్చు. ఇఫ్తార్ కూడా చేయవచ్చు.

ఇనుము లెక్క

ధర్మం అనుమతించింది కదా అని ఏది ఎంతైనా తాగవచ్చని కాదు. దేహం కూడా అల్లాహ్ మనకిచ్చిన అమానత్. కాబట్టి ఇప్పుడు దేహం మాట విందాం.

నెలసరి ఒక్కసారికి సాధారణంగా 30 నుంచి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. ఒక మిల్లీలీటరు రక్తంతో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది. అంటే నెలకు ఒకసారి 15 నుంచి 20 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోంచి వెళ్లిపోతోందన్నమాట. పోయినదాన్ని తిండే తిరిగి పూడ్చాలి. అయితే పప్పు, అన్నం, రొట్టె, ఆకుకూరల్లో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. పదో వంతు పడితే గొప్ప. అందుకే హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, 2020లో ప్రకటించిన పట్టికలో పురుషుడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలంటే, స్త్రీకి 29 మిల్లీగ్రాములు కావాలంది.

ఇక్కడే చాయ్ అడ్డు తగులుతుంది. చాయ్‌లో ఒగరు రుచినిచ్చే టానిన్ అనే పదార్థం ఉంటుంది. అది పేగుల్లో ఇనుమును పట్టుకుని రక్తంలోకి పోనివ్వదు. భోజనంతో పాటు చాయ్ తాగితే పప్పు, కూర, రొట్టెల్లోని ఇనుములో సగం దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ వృథా అవుతుంది. పాలు పోసినా ఈ గుణం పోదు. మనం మరిగించి మరిగించి, దమ్ పట్టి తాగే చిక్కని చాయ్‌లో టానిన్ మరింత ఎక్కువ. మాంసం, కలేజీలో ఉండే ఇనుము వేరు రకం. దాన్ని చాయ్ అంతగా అడ్డుకోలేదు. కానీ ఆ పిల్లకు ఆ రోజుల్లో మాంసమే లేదాయె!

ఇప్పుడు లెక్క చూడండి. రక్తం పోతున్న రోజుల్లోనే గుడ్డు, మాంసం ఆపేశారు. రక్తం పట్టనివ్వని చాయ్‌ను మాత్రం రోజుకు నాలుగైదు సార్లు ఇచ్చారు. ఖర్చు పెరిగిన రోజునే ఆదాయం ఆపేసినట్టు. ఇలా నెలకు అయిదు రోజులు, ఏడాదికి రెండు నెలలు! పరీక్ష చేయిస్తే ఆ పిల్ల హిమోగ్లోబిన్ ఎనిమిదికి కాస్త పైన ఉంది. ఆడవారిలో 12 కంటే తక్కువైతే రక్తహీనత కిందే లెక్క.

ఇది మన ఇళ్లలోని సమస్య మాత్రమే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నూటికి యాభై ఏడు మందికి పైగా! మెట్లెక్కితే ఆయాసం, చదువు మీద ధ్యాస లేకపోవడం, పాలిపోయిన కనురెప్పలు, జుట్టు రాలడం, సుద్దముక్కలో పచ్చిబియ్యమో తినాలనిపించడం ఇవన్నీ దాని గుర్తులు కావచ్చు. "పిల్ల బద్ధకస్తురాలు" అని తిట్టేముందు ఒకసారి రక్తపరీక్ష చేయించండి. రేపు ఆ పిల్ల తల్లి అవుతుంది. అప్పుడు ఈ లోటు తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదమవుతుంది.

చాయ్ మానేయాలా?

మానేయనక్కర లేదు. వేళ మార్చుకుంటే చాలు.

చాయ్ వల్ల రక్తం గడ్డకట్టదు, ఆగిపోదు. అలాగే చాయ్ తాగితే "చెడు రక్తం" బయటికి పోదు. అసలు నెలసరిలో పోయేది చెడు రక్తం కాదు. గర్భసంచి లోపలి పొర, దానితో పాటు మామూలు రక్తమే. నొప్పి ఉన్నప్పుడు వేడి పానీయం కాస్త హాయినిస్తుంది, నిజమే. ఆ హాయి వేడి వల్ల. వేడినీళ్ల సంచి పొత్తికడుపు మీద పెట్టుకున్నా నొప్పి తగ్గుతుంది. అల్లం నెలసరి నొప్పిని తగ్గిస్తుందని కొన్ని పరిశోధనల్లో తేలింది. కనుక చాయ్‌పత్తా లేకుండా నీళ్లలో అల్లం దంచి వేసి మరిగించి, కాస్త బెల్లంతో తాగినా మంచిదే. చిక్కని చాయ్ మాత్రం మితిమీరితే నిద్ర చెడుతుంది, గుండె దడ, చిరాకు వస్తాయి. అసలే నలతగా ఉన్న రోజుల్లో అవి మరింత బాధిస్తాయి.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో చాయ్, కాఫీలు భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత వరకు తాగవద్దని చెప్పింది. మన ఇళ్లకు పనికొచ్చేలా దీన్ని ఇలా పాటించవచ్చు:

పొద్దున నాష్తాతో చాయ్ వద్దు. చాయ్‌లో రొట్టె ముంచుకుని తినే అలవాటుంటే మెల్లగా మానిపించండి. నాష్తా ముందు, గంట దాటాక చాయ్.

ఖాళీ కడుపుకు చాయ్ పోసి ఆకలి చంపవద్దు. చాయ్ తిండి కాదు.

ఆ రోజుల్లో గుడ్డు, ఖీమా, కలేజీ, చేప పెట్టండి. స్తోమత లేనివారు మసూర్ పప్పు, సెనగలు, తోటకూర, మునగాకు, రాగులు వాడండి. ఖర్జూరాలు మంచివే, సున్నత్ కూడా. కానీ రెండు ఖర్జూరాలతోనే రక్తం పట్టేస్తుందనుకోవడం పొరపాటు.

పప్పు మీద, ఆకుకూర మీద నిమ్మకాయ పిండండి. భోజనమయ్యాక జామపండు పెట్టండి. ఉసిరికాయ దొరికితే మరీ మంచిది. పులుపులోని విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. ఆ రోజుల్లో పులుపు కూడదని మనం దేన్ని దూరం పెడుతున్నామో, అదే పిల్లకు మేలు చేసేది!

బడిలో ఇచ్చే ఇనుము మాత్రలను, డాక్టరు రాసిన మాత్రలను చాయ్‌తో మింగించవద్దు. నీళ్లతోనో నిమ్మరసంతోనో ఇవ్వండి. మలం నల్లగా వస్తే భయపడవద్దు, అది మాత్ర గుణం. హిమోగ్లోబిన్ పెరిగిందని వెంటనే ఆపేయకుండా డాక్టరు చెప్పినన్నాళ్లు వాడండి.

రమజాన్‌లో దొంగచాటు చాయ్

రమజాన్ వస్తే మన ఆడపిల్లల కష్టం మరోలా ఉంటుంది. రోజా లేదని తండ్రికి, అన్నదమ్ములకు తెలియకూడదు. సహరీకి అందరితో లేచి కూర్చుంటారు. పగలంతా గుక్కెడు నీళ్లు కూడా తాగరు. మరీ తట్టుకోలేకపోతే తలుపు వేసుకుని గబగబా ఒక కప్పు చాయ్ తాగి, కప్పు కడిగి బోర్లిస్తారు. కొందరు "ఎలాగూ అందరూ రోజా ఉన్నారు, మేమూ ఆకలితో ఉంటే సవాబ్ కదా" అనుకుంటారు.

కాదమ్మా! హైజ్ రోజుల్లో రోజా నియ్యత్‌తో ఆకలితో ఉండడం ధర్మసమ్మతం కాదని ఫిఖహ్ పండితులు స్పష్టంగా చెప్పారు. ఎవరి నుంచి అల్లాహ్ ఆ భారాన్ని దించాడో వారు దాన్ని మళ్లీ నెత్తికెత్తుకోవడం పుణ్యం కాదు. రోజాదారుల ఎదుట తినకపోవడం మర్యాద, అంతే. ఇంట్లో ఒక మూల ఆమెకు వేళకు భోజనం, కావలసినన్ని నీళ్లు దొరికే ఏర్పాటు తల్లి చేయాలి. తండ్రులూ, అన్నదమ్ములూ తెలిసీ తెలియనట్టుండాలి. "నీకు రోజా లేదా?" అని పదిమందిలో అడగకూడదు.

ఇక ఇఫ్తార్ సంగతి. హలీంలో గోధుమలు, పప్పులు, మాంసం ఉంటాయి, పైన నిమ్మకాయ పిండుతాం. రక్తానికి ఇంతకంటే మంచిదేముంది? కానీ గిన్నె ఖాళీ కాగానే చాయ్ అందుకుంటాం. ఆ చాయ్ తరావీహ్ తర్వాత తాగితే రుచి తగ్గదు కదా!

స్రావం ఎక్కువైతే

కొందరికి స్రావం మితిమీరుతుంది. "చాయ్ మానేస్తే తగ్గుతుంది", "ఎక్కువగా తాగితే తగ్గుతుంది" అని చిట్కాలతో కాలం గడుపుతారు. ఇది తప్పు.

ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) అనే సహాబియా తనకు రక్తం ఆగకుండా పోతోందని, నమాజ్ వదిలేయాలా అని దైవప్రవక్త (స)ను అడిగారు. అది హైజ్ కాదని, ఒక నరం నుంచి వచ్చే రక్తమని ఆయన చెప్పారు. హైజ్ రోజులు గడిచాక శుభ్రపడి నమాజ్ చేసుకోమన్నారు. దీన్నే ఇస్తిహాజా అంటారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం హైజ్‌కు కనీసం మూడు రోజులు, గరిష్ఠంగా పది రోజులు. పది రోజులు దాటిన రక్తం ఇస్తిహాజా. మన ఆడపిల్లలు బహిష్తీ జేవర్‌లో ఈ మస్‌అలాలు చదువుతూనే ఉన్నారు. నెలసరి వేరు, జబ్బు వేరు అని ధర్మం పద్నాలుగు వందల ఏళ్ల క్రితమే విడదీసి చెప్పింది. మనం నమాజ్ లెక్క కోసం ఆ రోజులు గుర్తుపెట్టుకుంటున్నాం. అదే లెక్క డాక్టరుకు కూడా పనికొస్తుంది. స్రావం వారం దాటినా, గంటకో గుడ్డ మార్చవలసి వచ్చినా, పెద్ద పెద్ద గడ్డలు పడుతున్నా, నొప్పితో పిల్ల బడి మానుతున్నా ఆలస్యం చేయకుండా లేడీ డాక్టరుకు చూపించండి. ప్రతి రోగానికీ అల్లాహ్ మందు కూడా పుట్టించాడని దైవప్రవక్త (స) బోధించారు. చికిత్స చేయించుకోవడం బేషర్మీ కాదు.

ఇంటి పెద్దలకు ఒక మాట

ఆ పిల్ల దాదీతో నేను వాదించలేదు. ఆమె మనవరాలిని ప్రేమించే మనిషే. తన అమ్మ తనకు చెప్పిందే చెప్పారు. నేను హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనాన్ని ఉర్దూలో చదివి వినిపించాను, అంతే. ఎముక మీది మాంసం మాట వచ్చేసరికి ఆవిడ, "గోష్త్ కూడానా?" అని అడిగారు. మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కోడలిని పిలిచి, "గుడ్డు ఉడికించు" అన్నారు.

మూడు నెలలు మందులు వాడాక ఆ పిల్ల బాగా తేరుకుంది. ఇప్పుడూ చాయ్ తాగుతుంది, అయితే అన్నంతో కాదు. మొన్న వాళ్లింటికి వెళ్తే నాకు చాయ్ ఇచ్చింది. ఆ స్టీలు గ్లాసు మిగతా గ్లాసుల వరసలోనే ఉంది.

మగవారికి కూడా చెప్పవలసింది ఉంది. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారు. మీ భార్యకు, మీ కూతురికి ఒంట్లో బాగాలేని రోజున లేచి ఒక గుడ్డు ఉడికించి ఇవ్వండి. సాయంత్రం ఒక కప్పు చాయ్ కాచి ఇవ్వండి. ఆమె తాగి ఇచ్చిన కప్పులో మిగిలింది మీరు తాగండి. అది ఎంగిలి కాదు, సున్నత్‌కు దగ్గరి పని.

అల్లాహ్ మన ఆడపిల్లలకు ఆరోగ్యాన్ని, మనకు సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.